నీలకంఠ రొయ్యా, అడుగు మట్టీ

పల్నాడులో పొలం గట్ల మధ్య పెరిగినవాడికి నీళ్ళంటే బావే. మా ఊరు శావల్యాపురం వైపు. అక్కడ ఈత నేర్పడానికి మాస్టర్లెవరూ ఉండరు. నడుముకి తాడు కట్టి పైనుంచి తోసేవాళ్ళు. తేలితే ఈత వచ్చినట్టు, మునిగితే తాడు లాగేవాళ్ళు. ఈత వచ్చాక అసలు పరీక్ష ఇంకొకటి ఉండేది. బావి అడుగు ముట్టి రావాలి. ముట్టానని నోటితో చెబితే ఎవరూ నమ్మరు. అడుగునున్న నల్లమట్టి పిడికెడు తెచ్చి, గట్టు మీద కూర్చున్న పెద్దవాళ్ళకి అరచేయి తెరిచి చూపించాలి. మట్టి లేకపోతే ఆ మునక లెక్కలోకి రాదు. సగం దారిలో ఊపిరాడక తిరిగొచ్చినవాళ్ళు కొందరు బావి గోడ గీరి ఆ పాచి చూపించబోయేవాళ్ళు. పెద్దవాళ్ళు దాన్ని వేళ్ళ మధ్య నలిపి చూసి, మళ్ళీ దూకమనేవాళ్ళు.

తర్వాత నేను వకీలునయ్యాను. గురజాల కోర్టులో ఇప్పటికీ సాక్ష్యం ఏదని అవతలివాళ్ళ మీద విరుచుకుపడుతుంటాను. ఆ బుద్ధి లా కాలేజీలో అబ్బిందని మా సీనియర్ అనుకునేవారు. కాదు, బావిలో అబ్బింది.

మా ఆవిడ మా మేనమామ కూతురే. వాళ్ళది దాచేపల్లి అవతల కృష్ణ ఒడ్డు. గురజాలలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతుంది. చిన్నప్పట్నుంచీ ఏటి అడుగున రొయ్యలు పట్టడం ఆమెకి సరదా. వల లేదు, గాలం లేదు, ఊపిరి బిగబట్టి మునిగి చేత్తో పట్టడమే. వేసవిలో పులిచింతల నీళ్ళు వెనక్కి తగ్గాక మా అత్తగారి పొలం కింద ఏట్లో నాపరాళ్ళ బండలు బయటపడతాయి. ఆ బండల కింద సందుల్లో నీలకంఠ రొయ్యలుంటాయి. ఒక్కొక్కటి మూర పొడుగు, అందులో సగం నీలంగా మెరిసే కాళ్ళే. మా బార్ రూములో ఒకాయన వీపుకి గాలి సిలిండర్లు కట్టుకొని సముద్రంలో రాతి రొయ్యలు పట్టేవాళ్ళ వీడియోలు ఫోన్లో చూపిస్తుంటాడు. మేము పట్టేవాటికి అవి పెద్దన్నలు, అంతే తేడా. మా దగ్గర సిలిండర్లు లేవు. రెండు జతల కళ్ళద్దాలు, కుడిచేతికి ఒక గుడ్డ గ్లౌజు, బోలెడంత మొండితనం ఉన్నాయి. కోర్టుకి ఎండాకాలం సెలవులు, స్కూలుకీ సెలవులే. కాబట్టి మేము ఏటా మే నెలలో ఏటి ఒడ్డునే ఉంటాం.

పెళ్ళయిన కొత్తలో మొదటిసారి ఆమెతో ఏట్లోకి వెళ్ళినప్పుడు నా పరువు మొత్తం పోయింది. ఆమె నీళ్ళలోకి దిగడం పసిబిడ్డ పడుకున్న గదిలోకి వెళ్ళినట్టుంటుంది, అలికిడే ఉండదు. నేను మా ఊరి అలవాటుకొద్దీ బండ మీద నుంచి పరిగెత్తుకుంటూ వచ్చి కాళ్ళు ముడుచుకొని దూకాను. ఆ దెబ్బకి ఆ మడుగులో ఉన్న రొయ్యలన్నీ తెలంగాణ ఒడ్డుకి పోయుంటాయి. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. అడుగుదాకా పోయాను, బండ కింద మీసాలు కూడా కనిపించాయి. చెయ్యి దానంతట అదే పక్కనున్న మట్టి మీదికి పోయింది. పిడికెడు దేవాను. నీళ్ళన్నీ బురదయ్యాయి, రొయ్య ఎటుపోయిందో తెలియలేదు. నేను మాత్రం పైకొచ్చి గర్వంగా అరచేయి తెరిచాను.

"ఏంది బావా అది?" అంది.

"మట్టి."

"మట్టి ఎందుకు?"

"అడుగు ముట్టినట్టు."

"నువ్వు ముట్టలేదని ఇక్కడ ఎవరన్నా అన్నారా?"

అరచేయి నీళ్ళలో ముంచి కడుక్కున్నాను. ఒడ్డున పొయ్యి ముందు కూర్చున్న మా అత్త ఊరుకోలేదు. "పోనీలేవే, అల్లుడు ఏట్లో పూడిక తీస్తన్నాడు. ఈ ఏడు మనకి నీళ్ళకి కరువుండదు," అంది. ఆ తర్వాత ప్రతి వేసవీ నేను నీళ్ళలో కాలు పెట్టగానే పూడిక పనులు మొదలయ్యాయా అని అడగడం మా అత్తకి ఆనవాయితీ అయింది.

పట్టడం నెమ్మదిగా నేర్చుకున్నాను. రొయ్య ముందుకి పారిపోదు, తోక కొట్టి వెనక్కి దూకుతుంది. ఎడమచేతి వేళ్ళు దాని ముందు ఆడించాలి. అది ఆ వేళ్ళనే చూస్తుండగా గ్లౌజున్న కుడిచెయ్యి వెనక నుంచి పోనిచ్చి నడుం దగ్గర అదమాలి. పైకి తేగానే బోర్లా తిప్పి కడుపు చూడాలి, గుడ్లుంటే వదిలెయ్యాలి. కడుపుతో ఉన్నదాన్ని గడప దాటించకూడదని మా అత్త శాసనం. నా మొట్టమొదటి పెద్ద రొయ్య కడుపుతోనే దొరికింది. అప్పీలు చేసుకున్నాను, కొట్టేశారు. ముగ్గురికీ సరిపడా దొరికితే ఆ రోజుకి చాలు. మా అత్త వాటిని గోంగూరలో వేసి ఒడ్డునే వండేది.

ఆ తర్వాత ఒక చలికాలం మా ఆవిడకి జ్వరం పట్టుకుంది. మామూలు జ్వరమే అనుకున్నాం. నిమోనియా అన్నారు, గుంటూరు తీసుకెళ్ళమన్నారు. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందని గొట్టం వేసి తీశారు. మంచం మీద మాట పెగలని స్థితిలో కూడా ఆమె నోరు ఆగలేదు. "ఇన్నేళ్ళు నేను నీళ్ళలోకి పోయేదాన్ని. ఇప్పుడు నీళ్ళే నాలోకి వచ్చినయ్యి బావా," అంది. నేను నవ్వలేకపోయాను. బయట వరండాలోకి వచ్చి గోడకి మొహం తిప్పుకొని నిలబడ్డాను. నాకు అంత భయం ఎప్పుడూ వేయలేదు.

ఇంటికి పంపేటప్పుడు ఊపిరితిత్తుల కసరత్తుకని మూడు బంతులున్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఇచ్చారు. గొట్టంలోంచి గాలి పీలిస్తే బంతులు లేవాలి. మొదట్లో ఒకటి కాస్త కదిలేది. స్కూల్లో లెక్క చెబుతూ మధ్యలో ఆగి కుర్చీ వెతుక్కునేది. ఆ వేసవిలో మేము ఏటి వైపు పోలేదు. ఎవరో మంచి రొయ్యలు ఇంటికే తెచ్చిస్తే ఆమె ముట్టుకోలేదు. చుట్టాలందరూ ఇక నీళ్ళ జోలికి పోవద్దన్నారు. నిజం చెప్పాలంటే అందరికంటే గట్టిగా అన్నది నేనే.

మరుసటి ఏడాదికి బంతులు మూడూ లేచాయి. డాక్టర్ ఎక్స్‌రే ఫోటోలు చూసి, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయన్నాడు. ఈదొచ్చు, మునగడం మాత్రం నడుము లోతుతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి, పక్కన మనిషి ఉండాలి అన్నాడు. బయటికి రాగానే నేను వాదన ఎత్తుకున్నాను. రొయ్యల కోసం ఇంత సాహసం అవసరమా, బజారులో దొరకవా అని. ఆమె మెట్ల మీదే ఆగిపోయింది.

"రొయ్యల కోసం కాదు బావా. డాక్టరు బాగైందంటాడు, ఫోటో బాగైందంటది. నాకు మాత్రం రోజూ పడుకునేప్పుడు ఊపిరి ఆగిపోద్దేమోనని భయం. గాదె కిందకి పోయొస్తే ఆ భయం పోద్ది. పోలేకపోతే, ఇంక పోలేనని తెలుస్తది. ఏదో ఒకటి తెలియాలి నాకు."

గాదె అంటే ఆ మడుగులో అన్నిటికన్నా పెద్ద బండ. ఎప్పుడు చెయ్యి పెట్టినా ఖాళీగా ఉండదని వాళ్ళింట్లో ఆ పేరు పెట్టారు. రెండు నిలువుల లోతులో ఉంటుంది. ఆమె రోజూ పడుకునేటప్పుడు భయపడుతోందని పక్కనే పడుకునే నాకు తెలియదు. ఇంకేం వాదించను?

ఇంట్లో బకెట్ నీళ్ళలో మొహం పెట్టి ఊపిరి బిగబట్టడం మొదలుపెట్టింది. నేను బాత్రూం తలుపు కొట్టేవాణ్ణి. "బతికే ఉన్నాలే," అని లోపల నుంచి కేక వినబడేది. మే నెల రాగానే ఏటి ఒడ్డుకి చేరాం. పై డ్యాం నుంచి నీళ్ళు వదలడం లేదని కనుక్కొని రోజూ పొద్దున్నే దిగేవాళ్ళం. ముందు నడుము లోతు, తర్వాత మెడ లోతు, తర్వాత నిలువు లోతు.

గాదె దగ్గరికి పోయిన రోజు మా అత్త పొయ్యి కూడా ముట్టించలేదు. "ఏమే, చచ్చి బతికినదానివి. రొయ్య లేకపోతే నీకు ముద్ద దిగదా?" అంది. నేను నడుముకి తాడు కడదామన్నాను. బావి బుద్ధి ఎక్కడికి పోతుంది. "రాయికి చుట్టుకుంటే ఆ తాడే చంపుద్ది," అని తీసి అవతల పడేసింది.

మొదటిసారి మునిగి సగంలోనే తిరిగొచ్చింది. పక్కన నీళ్ళ పైకి ఉన్న బండ పట్టుకొని దగ్గింది. రెండోసారీ అంతే. నేను పైన తేలుతూ, నీళ్ళలో మొహం పెట్టి చూస్తూనే ఉన్నాను. అద్దాల్లోంచి ఆమె కాళ్ళు ఆగడం, తల పైకి తిరగడం కనబడ్డాయి. అప్పుడామె నన్నే చూసింది.

"ఇక చాల్లే, రేపు చూద్దాం," అన్నాను.

"నువ్వు పైనుంచి అట్టా చూడబాక బావా. కిందకి పోతా పోతా ఒకసారి తలెత్తితే నీ మొహం కనపడతంది. నీ మొహం చూస్తే నేను చచ్చిపోతన్నానేమో అనిపిస్తంది. అద్దాలు తీసెయ్. ఆ బండ పట్టుకొని ఉండు చాలు."

కోపం వచ్చింది. అయినా ఆమె చెప్పింది నిజమేననిపించి అద్దాలు తీశాను. చేయి చాపితే అందే దూరంలో బండ పట్టుకొని తేలుతూ ఉన్నాను. ఆమె బండకి గడ్డం ఆనించి చాలాసేపు ఊరికే గాలి పీల్చుకుంది. పొలంలో ఎవరో మోటారు వేశారు, ఆ చప్పుడు విన్నాను. ఆ చప్పుడులోనే ఆమె ఎప్పుడు మునిగిందో నాకు తెలియలేదు. అంత నిశ్శబ్దంగా పోయింది, పాత రోజుల్లో పోయినట్టే.

వాయిదాల మీద వాయిదాలు వేయించడంలో ఆరితేరినవాణ్ణి నేను. ఎదురుచూడటం నాకు కొత్త కాదనుకునేవాణ్ణి. నీళ్ళు కదలడం లేదు, అద్దాలు లేకుండా నాకు ఏమీ కనబడటం లేదు. ఒడ్డున మా అత్త లేచి నిలబడింది. ఇక మునుగుదామని ఊపిరి పీల్చుకుంటుండగా నా కాళ్ళ కింద తేటగా ఉన్న నీళ్ళు మసకబారాయి. అడుగు నుంచి బురద పొగలా లేస్తోంది. ఆమె ఎన్నడూ నీళ్ళు బురద చేసేది కాదు. ఊపిరాడక కొట్టుకుంటోందనుకున్నాను.

నేను మునిగేలోపే ఆమె తల పైకి లేచింది. నోరంతా తెరిచి గాలి మింగింది. దగ్గలేదు. జుట్టు మొహాన అతుక్కుపోయి ఉంది, కళ్ళు మాత్రం వెలిగిపోతున్నాయి. కుడిచెయ్యి పిడికిలి బిగించి ఉంది, అందులోంచి మీసాలూ నీలం కాళ్ళూ ఏమీ బయటికి లేవు.

"దొరికిందా?" అని ఒడ్డు నుంచి మా అత్త అడిగింది.

ఆమె నా ముందుకి వచ్చి పిడికిలి తెరిచింది. గ్లౌజు మీద నల్లటి మట్టి ముద్ద.

"ఉంది బావా, పెద్దది, మీసాలు నా చేతికి తగిలినయ్యి. పట్టబోయి ఆగా," అంది. "రొయ్యైతే అడుగుదాకా పోకుండా పై బండ పక్కనే దొరికిందంటావు నువ్వు. అందుకని ఇది తెచ్చా."

నాకు ఏడుపు ఆగలేదు. తడి మొహం కాబట్టి ఒడ్డుకి కనబడలేదు. ఒడ్డు నుంచి మా అత్తకి మట్టి మాత్రం కనబడింది. "ఆర్నెల్లు సావాసం చేస్తే వారు వీరవుతారంట. దీనిక్కూడా పూడిక పని అంటుకుంది," అంటూ పొయ్యి దగ్గరికి వెళ్ళి పుల్లలు విరవడం మొదలుపెట్టింది. ఆ రోజు ఉత్త గోంగూరే తిన్నాం.

కానీ దానికి ముందు నేను చెయ్యవలసిన పని ఒకటి ఉంది. ఆమె అరచేతిలోంచి కాస్త మట్టి తీసుకొని, మా ఊరి బావిగట్టు మీద పెద్దవాళ్ళు చూసినట్టే వేళ్ళ మధ్య నలిపి చూశాను. ఆమె ఊపిరి పీలుస్తూ నా మొహంలోకే చూస్తోంది.

పాచి కాదు. అడుగు మట్టే.