కొలబద్ద తలెత్తాడు

వీధి మలుపులో సెలూను నడిపే పెద్దాయన్ని అందరూ కొలబద్ద అనేవారు. ఆయన క్రాపు చేస్తే రెండు చెవుల పక్కా వెంట్రుకవాసి తేడా ఉండేది కాదు మరి. ఆ పేరంటే ఆయనకు ప్రాణం. తమ్ముడి చేతికి కత్తెర ఇవ్వాలంటే మాత్రం ఆ ప్రాణమే పోయినట్టుండేది.

ఒక ఉదయం కుడికంట్లో నల్లటి తెర దిగింది. కంటి వెనక పొర చిరిగి ఊడిపోయిందన్నారు. ఆపరేషన్ చేసి, పొరను అదిమిపెట్టడానికి కంట్లో గ్యాసు బుడగ నింపారు. బుడగ పైకి తేలుతుంది కాబట్టి పది రోజులు ముఖం నేలకేసే ఉండాలని, తలెత్తితే కన్ను దక్కదని డాక్టరమ్మ ఒకటికి మూడుసార్లు చెప్పింది.

ఐదు రోజులు బల్లకు నుదురు ఆనించుకుని నరకం చూశాడు. గోడ అవతల సెలూన్లో తమ్ముడి క్రాపు మిషను చప్పుడు వింటే కడుపు రగిలిపోయేది. ఆరోరోజు హెడ్మాస్టరు వచ్చాడు. ఇరవై ఏళ్లుగా ఈయన తప్ప ఎవరూ ఆయన తల ముట్టుకోలేదు. మర్నాడు ఆయనకు బళ్లో సన్మానమట.

"నీ చెయ్యి పడకపోతే నాకది క్రాపే కాదయ్యా. అయినా వంగి చేసేదేగా నీ పని?"

ఇంకేం, మనవాడు ఉబ్బిపోయాడు. నిజమే, నలభై ఏళ్లుగా వంగే బతికాను కదా అనుకున్నాడు. గుమ్మానికి అడ్డం నిలబడిన భార్యను పక్కకు నెట్టి వెళ్లాడు. ఎంత పిచ్చివాడు! క్షవరం సగం తలమీద, సగం అద్దంలో జరుగుతుంది. రెండు పక్కలూ సరిపోయాయా అని క్షణానికోసారి తలెత్తి అద్దంలో చూసుకుంటాడు, చూస్తున్నట్టు తనకే తెలియదు. కబురు పాకి ఆ రోజు పదకొండు తలలు, మర్నాడు పద్నాలుగు. కన్నెలా ఉందని ఒక్కడూ అడిగిన పాపాన పోలేదు.

మూడోనాటికి తెర మళ్లీ దిగింది. రెండోసారి కోసినా పొర నిలవలేదు. డాక్టరమ్మ తిట్టలేదు, ఇక రానక్కర్లేదని మాత్రం చెప్పింది.

ఒంటికంటితో దూరం అందదు. కత్తి చర్మానికి ఎంత దూరంలో ఉందో చేతికి తెలియడం లేదు. ఒకరి చెవి తెగింది, ఇంకొకరి గడ్డం. నెల తిరిగాక హెడ్మాస్టరు వచ్చాడు. కొలబద్ద కుర్చీ దులిపి, గుడ్డ కప్పి, కత్తెర అందుకున్నాడు. హెడ్మాస్టరు అద్దంలోంచే ఆయన చేతిని చూశాడు.

"నువ్వు కాసేపు కూర్చోవయ్యా. తమ్ముణ్ణి పిలువు."

పిలిచాడు. తమ్ముడు వచ్చి మిషను ఆన్ చేశాడు. కొలబద్ద బెంచీమీద కూర్చుని, డాక్టరమ్మ చెప్పినట్టే ముఖం నేలకేసి వంచుకున్నాడు.