ఒకే డబ్బా, రెండు బండ్లు

2021 ఏప్రిల్ చివరి వారం. ఉదయం ఆరుంపావుకు సూరత్‌లో రైలు దిగాను. స్టేషన్ బయట ఆటోలు వరసగా నిలబడి ఉన్నాయి, డ్రైవర్లు లేరు. ఆర్మీ జీపు నన్ను ఉధ్నా తీసుకెళ్ళింది. దారికి రెండు వైపులా మరమగ్గాల షెడ్లు. సగానికి పైగా తాళాలు వేసి ఉన్నాయి.

నేను ముప్పై ఒక్క ఏళ్ళు సైనిక ఆసుపత్రుల్లో నర్సింగ్ ఆఫీసర్‌గా పనిచేసి రిటైరయ్యాను. రెండో విడత కరోనాలో పిలుపు వస్తే మళ్ళీ వెళ్ళాను. ఆర్డర్ ముప్పై రోజులకు.

ఆసుపత్రి అంటే ఒక బట్టల గోదాము. రేకుల కప్పు. నూట ఇరవై మంచాలు, ప్రతి మంచం పక్కన నిలబెట్టిన సిలిండర్. మధ్యాహ్నం లోపల నలభై రెండు డిగ్రీలు. సూట్, రెండు మాస్కులు, రెండు జతల గ్లోవ్స్. ఆరు గంటల డ్యూటీలో మంచినీళ్ళు తాగడానికి ఉండదు.

ఆక్సిజన్ లెక్క నాది. పెద్ద సిలిండర్‌లో ఏడు వేల లీటర్లు. నిమిషానికి పది లీటర్లు వాడే మనిషికి పదకొండు గంటలు వస్తుంది. పదిహేను వాడే మనిషికి ఎనిమిది గంటలు కూడా రాదు. ఖాళీవి లారీలో కిమ్ అనే ఊరి దగ్గరి ప్లాంటుకు పోవాలి, నిండినవి రావాలి. మాకున్న లారీ ఒకటే. రెండోదాన్ని అంతకు ముందే వేరే ఊరికి పంపేశారు.

నేను వెళ్ళిన తొమ్మిదో రోజు ఉదయం పదిన్నరకు నలభై ఖాళీ సిలిండర్లు ఎక్కించాం. లారీ స్టార్ట్ కాలేదు. స్టోర్‌లో నిండినవి ఆరు మిగిలాయి.

వాహనాల హవల్దారు శ్రీకాకుళం మనిషి. డ్రైవర్‌ని తాళం తిప్పమని, తను డీజిల్ ట్యాంకుకు చెవి ఆనించాడు.

"తాళం తిప్పగానే లోపల పంపు గుయ్యిమనాలి మేడమ్. ఉలుకూ పలుకూ లేదు."

ఫ్యూజు చూశాడు. రిలే మార్చాడు. రెండూ బాగానే ఉన్నాయి. పంపు వైర్లు విప్పి బ్యాటరీ నుంచి నేరుగా కరెంటిచ్చాడు. పంపు మోగింది. అంటే తప్పు పంపుది కాదు. ఆ పంపుకి ఎప్పుడు ఎంత కరెంటు వెళ్ళాలో చెప్పే కంట్రోల్ మాడ్యూల్ ఒకటి ఛాసిస్ పక్కన ఉంటుంది. అరచేయంత నల్ల డబ్బా. దానికి మీటరు పెట్టి నన్ను వంగి చూడమన్నాడు. లోపలికి ఇరవై నాలుగు వోల్టులు వస్తున్నాయి. బయటికి సున్నా.

విప్పితే పిన్నులు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. బండ్లన్నిటికీ రోజూ రెండు పూటలా బ్లీచింగ్ నీళ్ళు కొట్టాలని ఆర్డర్. కొట్టాం. ఆ నీళ్ళే డబ్బాలోకి దిగాయి.

"నేరుగా కరెంటిచ్చి తీసుకుపోలేవా?" అన్నాను.

"చూశాను మేడమ్. రెండు నిమిషాలు నడిచి ఆగిపోతోంది. ఇంజిన్ కంప్యూటర్ ఒప్పుకోవట్లేదు. నడి హైవే మీద ఆగితే అటూ కాం, ఇటూ కాం."

ఖటోదరాలో స్పేర్ పార్టుల దుకాణాలకు ఫోన్లు చేశాను. అన్నీ మూత. ఒకే ఒక్కతను ఫోనెత్తి, నాలుగు రోజుల దాకా సరుకు రాదన్నాడు.

చేతిలో వైర్‌లెస్ పలికింది.

"స్టోర్, వార్డ్ నుంచి. పదిహేడో మంచం సిలిండర్ ముల్లు ఎరుపులోకి వచ్చింది. ఓవర్."

"వార్డ్, లారీ కదల్లేదు. ఫ్లో తగ్గించు. ఓవర్."

"ఇంకెక్కడికి తగ్గించను మేడమ్? ఓవర్."

హవల్దారు ఆవరణ అవతలికి చూస్తున్నాడు. అక్కడ శవాల బండి ఉంది. అదే కంపెనీది, బాడీ పొట్టిది. వెళ్ళి కిందికి దూరి వచ్చాడు. "అదే నంబరు డబ్బా మేడమ్. పిన్నుల్ని కొంచెం చిలుము తింది గాని పనిచేస్తుంది."

బండి పక్కన నేలమీద నర్సయ్య కూర్చుని ఉన్నాడు. సిరిసిల్ల వైపు నుంచి వచ్చి ఇరవై ఏళ్ళుగా ఉధ్నాలో సాంచెలు నడిపే మనిషి. మరమగ్గాలను వాళ్ళు అలాగే అంటారు. బండిలో ఉన్నది అతని అన్న రాజయ్య. ఆ తెల్లవారుజామున పోయాడు. పదిహేడో మంచం మీద ఉన్నది రాజయ్య భార్య స్వరూప. భర్త పోయిన సంగతి ఆమెకు ఇంకా చెప్పలేదు. శ్మశానంలో వాళ్ళ వంతు పన్నెండింటికి.

నేనే వెళ్ళి అడిగాను. "నర్సయ్యా, ఈ బండిలోంచి ఒక సామాను తీసి లారీకి పెట్టాలి. లారీ కిమ్ పోయి వచ్చేదాకా ఇది కదలదు. మీ వంతు పోతుంది. నువ్వు వద్దంటే తియ్యం."

"గా లారీల వచ్చేది మా వదినకు పెట్టే గ్యాసేనా మేడం?"

"అదే."

"మల్ల నన్ను అడుగుడేంది? సాంచెలకాడ మాది గిదే పని. ఒకటి బందువడితె దాని సామాను ఊడదీసి ఇంకోదానికి ఎక్కిస్తం." కాసేపు బండి తలుపు వంక చూశాడు. "అన్న ఆగుతడు. బండిని జర నీడకు నెట్టుండ్రి, గంతే."

బండి డ్రైవర్ ఉధ్నాలోనే పుట్టి పెరిగిన తెలుగువాడు. అతను మాత్రం అడ్డం నిలబడ్డాడు. "అరె సాబ్, గాడీ నాది గాదు, సేఠ్‌ది. పుర్జా ఏడబోయిందంటే ఏం జెప్పాలె నేను?"

"ఫౌజ్ ఎత్తుకుపోయిందని చెప్పు. కావాలంటే బోర్డర్‌కి వచ్చి అడగమను," అన్నాడు హవల్దారు, అప్పటికే సగం బండి కింద ఉండి.

నలుగురం కలిసి బండిని రేకుల నీడలోకి నెట్టాం. పదకొండూ ఇరవైకి లారీ స్టార్టయింది.

ఉన్న ఆరు సిలిండర్లనీ మంచం నుంచి మంచానికి తిప్పుతూ వచ్చాం. మూడున్నరకు లారీ తిరిగి వచ్చింది. ప్లాంటు ముందు బండ్ల వరస హైవే దాకా ఉందట. నలభై పంపితే పదకొండు నింపి ఇచ్చారు.

పదిహేడో మంచానికి ఒకటి పెట్టాం. ఆక్సిమీటర్ మీద అంకె డెబ్బై ఒకటి నుంచి ఎనభై నాలుగుకు ఎక్కింది. బయటికి వచ్చి నర్సయ్యకు ఆ సంగతి చెప్పాను.

"ఎంత గావాలె మేడం?"

"తొంభై."

"అంటె ఇంక ఆరే గద," అన్నాడు. మొహం కడుక్కొని వచ్చాడు.

ఆ ఆరు ఎక్కడం ఎంత కష్టమో నాకు తెలుసు. చెప్పలేదు.

హవల్దారు డబ్బాను తిరిగి శవాల బండికి బిగించాడు. క్లిప్పు వదులైందని తనూ వెంట వస్తానన్నాడు. శవంతో ఆసుపత్రి మనిషి ఒకరు ఉండాలి. నా డ్యూటీ అయిపోయింది, నేనెక్కాను. ఐదింటికి బయల్దేరాం. పది నిమిషాలు నడిచి, మూసి ఉన్న ఒక మిల్లు గోడ పక్కన ఇంజిన్ ఆగింది.

హవల్దారు కిందికి దూరాడు. నర్సయ్య దిగి వెనక తలుపు దగ్గరికి పోయాడు.

"మేడం, మా దిక్కు దింపుడు కళ్ళం ఉంటది. ఎరికేనా?"

ఎరుకే. దారిలో పాడె దించి, చెవి దగ్గర మూడుసార్లు పిలుస్తారు. ప్రాణం ఎక్కడైనా మిగిలి ఉంటే పలుకుతుందని. కరోనా శవాలకు అది లేదు. తలుపు తియ్యకూడదని రూలు. నేను తీశాను. సంచి మాత్రం విప్పవద్దన్నాను.

అతను తల దగ్గర వంగి, మాస్కు తియ్యకుండా పిలిచాడు. "అన్నా." ఆగాడు. "అన్నా." మళ్ళీ ఆగాడు. మూడోసారి పిలిచి చాలాసేపు అలాగే ఉన్నాడు. హవల్దారు పని ముగించి లేచి నిలబడ్డాడు. డ్రైవర్ తాళం మీద చెయ్యి వేసి తిప్పలేదు.

అప్పుడు నా ఫోన్ మోగింది. వార్డ్ సిస్టర్. పదిహేడో మంచం ఆమె ఐదూ ఐదుకు పోయింది.

తలుపు వేశాక నర్సయ్యకు చెప్పాను. వేరే మాటలేమీ కలపలేదు. అతను ఏడవలేదు. "బండి మల్లించుకోని పోదమా మేడం? ఆమెను గూడ ఎక్కిచ్చుకుందం. ఇద్దరు ఒక్కపారే పోతరు."

"ఇవాళ ఇవ్వరు నర్సయ్యా. కాయితాలు రేపటికి గాని కావు."

"ఇప్పుడు మల్లిస్తే ఈ వంతు గూడ పోతది కాకా," అన్నాడు డ్రైవర్, మెల్లగా.

ముందుకే పోయాం. రాజయ్యకు ఏడింటికి వంతు వచ్చింది. స్వరూప మర్నాడు వేరే బండిలో వెళ్ళింది.

ముప్పై రోజులూ పూర్తయ్యాక కరీంనగర్ వచ్చేశాను. అపార్ట్‌మెంట్ వాళ్ళు కుర్చీ వేసి శాలువా కప్పారు. ఎంతమందిని కాపాడారు మేడమ్ అని అడిగారు. ఎన్ని మంచాలు, ఎన్ని సిలిండర్లు, ఎందరు నడిచి వెళ్ళారు, అన్నీ నాకు గుర్తే. ఏదో ఒక అంకె చెప్పాను. చప్పట్లు కొట్టారు.

ఎవరికీ చెప్పనిది ఆ మిల్లు గోడ పక్కన చూసినది. ముందుకే పోవాలని తేలాక నర్సయ్య బండి ఎక్కలేదు. "రేపు ఆమె బండి నడుమల ఆగుతదో ఆగదో," అన్నాడు. రోడ్డు మధ్యకు నడిచి, మేం వచ్చిన వైపు, ఆసుపత్రి ఉన్న వైపు తిరిగి నిలబడ్డాడు. ఎండ ఇంకా మొహం మీదే ఉంది. ఈసారి మాస్కు కిందికి లాగాడు.

"వదినా," అని పిలిచాడు. తల కొంచెం పక్కకు వంచి విన్నాడు. మళ్ళీ పిలిచాడు. మళ్ళీ విన్నాడు.