చెదలు చెక్కిన తలుపు

"చెదలు తిన్న తలుపు పొయ్యిలకు గాక ఇంకెక్కడికి పోతది? పక్కకు జరుగు టీచరమ్మా, గొడ్డలి తగుల్తది."

"జరగనక్కా. ముందు నన్ను నరుకు, తర్వాత తలుపును నరుకు."

"నిన్ను నరికితే నీళ్లు కాగుతయా?"

"ఎవరూ చెక్కలేని గీతలున్నాయి దీని మీద. ఒక్కసారి అచ్చు తీసుకోనీ."

"పురుగులు నా తలుపు తిన్నయ్. వాటికి దండ వెయ్యమంటవా ఏంది?"

దండ వేసినా తప్పులేదన్నట్టు చూసింది వసంత టీచర్.

ఈ వారం మా ఇంటి ముందు రోడ్డుకు మళ్లీ తారు పోస్తున్నారు. కిటికీలు మూసినా వాసన లోపలికి వస్తూనే ఉంది. మనవరాలు ముక్కుకు గుడ్డ కట్టుకుని తిరుగుతోంది. నేను మాత్రం గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. వేడి తారు వాసన తగిలితే నాకు వసంత టీచరే కళ్ల ముందుకు వస్తుంది. ఆమెను ఎరగనివాళ్ల కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. చదివింది మూడో తరగతి, తప్పులుంటే సర్దుకోండి.

ఎనభైల నాటి సంగతి. మేము దుమ్ముగూడెంలో ఉండేవాళ్లం. వసంత అక్కడి ఆశ్రమ పాఠశాలకు డ్రాయింగ్ టీచరుగా వచ్చి, మా పెరటి గదిలో కిరాయికి దిగింది. సొంత ఊరు బోనకల్ దగ్గర. సన్నగా, మెత్తగా మాట్లాడే పిల్ల. ఈమెతో ఏ గొడవా ఉండదులే అనుకున్నాను. వచ్చిన మొదటి ఆదివారమే గోదావరి చేప ఒకటి కొనుక్కొచ్చి, అరుగు మీద పెట్టి, దానికి తల నుంచి తోక దాకా నల్ల ఇంకు పూసింది.

"ఏంది టీచరమ్మా, దిష్టిచుక్క చాలదా? ఒళ్లంతా పూసినవ్."

"అచ్చు తీస్తున్నానక్కా. పైన కాయితం వేసి ఒత్తితే పొలుసు పొలుసూ పడుతుంది."

"మరి కూర?"

"కడిగి వండుకుంటా."

"నా పొయ్యి మీద వండకు."

ఆ చేపను మా పిల్లి కూడా వాసన చూసి వదిలేసి పోయింది. నా ఇంట్లో తిండి వస్తువు పారేయడం అదే మొదలు, అదే చివర. తినేదాని జోలికి రావద్దని ఆ రోజే కట్టడి చేశాను. ఆమె మాట తప్పలేదు. తిననివాటినన్నింటినీ పట్టుకుంది. గోనెసంచి, టేకాకు, వెదురుచాప, మా ఆయన తెగిపోయిన చెప్పు, చివరికి నా జల్లెడ. పొద్దున్నే బడికి పోయేలోగా ఒక్క అచ్చయినా తీయనిదే ఆమెకు టీ కూడా దిగేది కాదు. గాజుపలక మీద ఇంకు వేసి రబ్బరు రోలరుతో పరిచేది, దాన్ని వస్తువుకు పూసేది, కాయితం వేసి నేను అన్నం వడ్డించే గరిటె, అదే హస్తం, దాని వెనకవైపుతో రుద్దేది. హస్తం కోసం నేను రోజూ పెరట్లోకి పోవాల్సి వచ్చేది. తీసిన కాయితాలు బట్టల తీగ మీద నా చీరల పక్కన వేలాడేవి. వీధిలో వాళ్లు గోడ మీంచి తొంగిచూసి, "మీ టీచరమ్మ చెప్పులు ఉతికి ఆరేసిందా?" అని అడిగేవారు.

హస్తం కోసం పోయినప్పుడల్లా నాకు ఏదో ఒకటి చెప్పేది. ఇంకు సరిగ్గా పరుచుకుంటే రోలరు కింద సన్నగా చిటపటమంటుందట, ఎక్కువైతే జిగటగా చప్పరిస్తుందట. నాకెందుకు ఈ గోల అనుకుంటూనే విన్నాను. కొన్నాళ్లకు ఆ చప్పుడు విని వంటింట్లోంచే నోరు జారడం మొదలైంది. "టీచరమ్మా, ఎక్కువైంది." పెరట్లో నవ్వు వినిపించేది. నిన్న తీసిన ఆకునే ఇవాళ తలకిందులుగా పెట్టేది, రేపు ఇంకు తుడిచేసి తీసేది. ఒక ఆకుకు ఇన్ని సేవలు దేనికని అడిగితే, "ఒక్కో తీరుకు ఒక్కో మాట చెబుతుందక్కా" అంది. నేను ఆకులో పప్పుపెట్టి తిన్నదాన్నే గాని, దాని మాటలు ఎన్నడూ వినలేదు.

ఇక ఆ తలుపు. వెనకింటికి మా మామ పెట్టించిన మామిడి చెక్క తలుపు అది. చెదపట్టి ఊడింది. అంతకు కొద్దిరోజుల ముందే టీచర్‌కు హైదరాబాదు నుంచి కబురొచ్చింది, అక్కడ జరిగే బొమ్మల ప్రదర్శనకు పెద్ద అచ్చు ఒకటి తెమ్మని. పోయిన రెండేళ్లూ ఆమె పంపినవి తిరిగొచ్చాయి. "ఈసారీ కాకపోతే మానేస్తానక్కా. ఖమ్మంలో మా అన్న చూసిన ఆఫీసు ఉద్యోగంలో చేరతా" అంది. కన్నీళ్లు పెట్టలేదు. మామూలుగా చెప్పింది, అదే నాకు నచ్చలేదు. గొడ్డలి దించాను. అచ్చు తీసుకున్నాక చెక్క నాదే, ఇంకు కడిగే కిరసనాయిలు ఆమెదే అని షరతు పెట్టాను.

తలుపంత అచ్చును హస్తంతో రుద్దితే ఏడాది పడుతుంది. అప్పుడే మా వీధికి కంకర పరిచి, పక్కన డ్రమ్ముల్లో తారు కాస్తున్నారు. టీచర్ చూపు రోడ్డు రోలర్ మీద పడింది. దాని డ్రైవర్ నర్సయ్యది ఎర్రుపాలెం వైపు. విషయం విని చాలాసేపు తల గోక్కున్నాడు.

"తలుపు మీద బండి ఎక్కించాలా అమ్మా?"

"మెల్లగా, ఒక్కసారి."

"నా సర్వీసులో తలుపు తొక్కలేదు. కొత్త పని. పద్ధతి ప్రకారం చెయ్యాలి మరి."

పద్ధతి ఏమిటో మేము అడగలేదు. అక్కడే దెబ్బతిన్నాం. మర్నాడు మధ్యాహ్నం, బడి సెలవు. తలుపును రోడ్డు మీద చదునుగా పరిచి టీచర్ పొద్దుటి నుంచీ ఇంకు పూసింది. పైన తెల్లటి ముతక గాడా బట్ట, దాని మీద నా బొంత వేయాలి. ఆమె బట్ట తేవడానికి లోపలికి పోయిన సందులో నర్సయ్య రోలర్‌కు పసుపు, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టాడు. కొబ్బరినీళ్లు వెళ్లి తలుపు మీద చిందాయి. టీచర్ బట్టతో వచ్చి నిలబడిపోయింది. నీళ్లను తుడిస్తే ఇంకు పోతుంది. తుడవకుండానే బట్ట పరిచింది. నేను కొబ్బరి చిప్పలు కొంగులో వేసుకున్నాను.

రోలర్ ఎక్కింది, దిగింది. కింద తలుపు పటపట విరిగింది. ఇక రెండో అచ్చు లేదు, ఉన్నది ఇదే. బట్ట ఎత్తి చూస్తే చెదల దారులన్నీ తెల్లగా, వెంట్రుకవాసి కూడా తప్పకుండా పడ్డాయి. నీళ్లు చిందినచోట తెల్లటి చుక్కలు. పై మూలన మాత్రం ఇంత పెద్ద మచ్చ, చుట్టూ చీలికలు చీలికలుగా.

"ఇదేంటి?" అంది టీచర్.

"నిమ్మకాయమ్మా," అన్నాడు నర్సయ్య వినయంగా. "చక్రం కింద పెట్టాలి గదా. ఇయ్యాల తొక్కేది తలుపు కాబట్టి, తలుపు మీదే, మీరు బొంత కోసం పోయినప్పుడు బట్ట కింద పెట్టా. దిష్టంతా పోయింది."

టీచర్ కంకర మీద కూలబడింది. "అయిపోయిందక్కా. నిమ్మకాయ బొమ్మ ఎట్లా పంపను? రేపు సాయంత్రమే గడువు. నేనింక వెళ్లను."

నాకు కోపమొచ్చింది. "మా మామ తలుపు రోడ్డు మీద తొక్కిచ్చినవ్. నా బొంత తొక్కిచ్చినవ్. ఇప్పుడు పోనంటె ఊకుంటనా? నువ్వు చెప్తే తప్ప అది నిమ్మకాయని ఎవరికి తెలుస్తది?"

మా ఆయన అవతలి అరుగు మీంచి, "అవ్, నేను పొడిచే పొద్దనుకున్న," అన్నాడు.

టీచర్ లేచి రోడ్డు దాటి, ఆయన పక్కన నిలబడి అచ్చును చాలాసేపు చూసింది. తర్వాత వచ్చి బట్టకు ఒక కొస పట్టుకుంది. రెండో కొస నేను పట్టుకున్నాను. పొయ్యికి సరిపోయే కొలతకు రోలరే చెక్కను విరిచిపెట్టింది, నాకు గొడ్డలి పని తప్పింది.

ఆ అచ్చును హైదరాబాదులో తీసుకున్నారు. మెట్ల పక్కన, వెలుతురు సరిగా లేనిచోట పెట్టారు గాని పెట్టారు. ఖమ్మం ఉద్యోగం ఊసు మళ్లీ రాలేదు. ఆమె మా పెరట్లో ఇంకా చాలా ఏళ్లు ఇంకు పరిచింది. నేను పొదుపు మనిషినే, ఇప్పటికీ దేన్నీ ఊరికే పోనివ్వను. ఒకప్పుడు ఒక వస్తువు చేతికొస్తే దేనికి పనికొస్తుందని మాత్రమే చూసేదాన్ని. ఆమె పుణ్యమా అని, ముందు దాన్ని ఉత్తగా చూస్తాను. అరిగిన చాట, ఎండిన బీరకాయ పీచు, వేలితో ఒకసారి తడుముతాను. అట్లా చూడటానికి ఖర్చేమీ లేదు.

ఇదంతా తర్వాతి మాట. ఆ మరుసటి ఉదయానికి ఇంకు ఆరలేదు. బట్టను చుడితే పాడవుతుంది, మడిస్తే అసలే పాడవుతుంది. మొదటి బస్సు వచ్చేసింది. మా ఆయనకు సద్దన్నం, పచ్చడి ఎక్కడున్నాయో చెప్పి నేనూ ఎక్కాను. అంతకు ముందు భద్రాచలం దాటి ఎరగను. చివరి పొడుగు సీటు మీద బట్ట పరిచి, అటు చివర ఆమె, ఇటు చివర నేను కూర్చున్నాం.

"ఏందమ్మా ఇది, మనుషులు కూసోవద్దా?" అన్నాడు కండక్టరు.

"తడిగున్నది. ముట్టుకోకు," అని రెండు టికెట్లు అడిగాను.