తెరకి అటువైపు

ఇప్పుడు మీరు చదవబోయేది సముద్రం, ప్రేమ, యుద్ధం, రెండు రాజ్యాలు, ఒక దయ్యం ఉన్న మహాగాథ. అంటే, అలా మొదలుపెడితే బాగుంటుందని మొదలుపెట్టాను. నిజానికి ఇది వండూర్ దగ్గర పడవలు బాగుచేసే రేకుల షెడ్డులో, ఒక వానాకాలం మధ్యాహ్నం, తెచ్చుకున్న పకోడీలు చల్లారేలోపు జరిగిపోయిన సంగతి. యుద్ధం, రాజ్యాలు సినిమాలోవి.

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఈ దీవుల్లో ప్రతి మలుపుకీ ఒక దయ్యం ఉంది. సగం మా బావ పుట్టించినవే. ఆటోలో టూరిస్టులు ఎక్కగానే తెల్లదొర దయ్యం మొదలుపెడతాడు. వానాకాలంలో బేరాలు ఉండవు కాబట్టి ఆ దొర కూడా కనపడడు.

నేను భయపడేది బతికున్నవాళ్లకి. మాది ఆస్టినాబాద్. తాత, నాయనమ్మ పెళ్లయిన కొత్తలో శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి, చేపల వేటకి ఇక్కడికి వచ్చేశారు. నాకు అబ్బాయిలంటే ఇష్టం. ఈ సంగతి ఇంట్లో తెలీదు. అప్పటికే మాయాబందర్ సంబంధం ఒకటి నడుస్తోంది. అమ్మాయి ఫోటో మా ఫ్రిజ్ మీద, వినాయకుడి పక్కన ఉండేది. జంగ్లీఘాట్‌లో నేను తుమ్మితే, నేను ఇంటికి చేరేసరికి నాయనమ్మ మిరియాల కషాయం కాచి ఉంచుతుంది. అంత చిన్న ఊరు మాది. దాచుకోవడానికి చుట్టూ సముద్రం తప్ప ఏమీ లేదు.

రోజీ దీదీకి బ్యూటీ పార్లర్ ఉంది. పుట్టినప్పుడు ఇంట్లో మగపేరు పెట్టారు గానీ తను వాడుకోలేదు. ఎవరో అమ్మేస్తుంటే పాత ప్రొజెక్టర్ ఒకటి కొని, అప్పుడప్పుడూ మాలాంటి వాళ్లందరినీ, దీదీ మాటల్లో 'అప్నే లోగ్'ని, ఆ షెడ్డులో కూర్చోబెట్టి పాత సినిమాలు వేసేది. ఆటలన్నీ మధ్యాహ్నమే. పగలు బయటికి వెళ్తే పని అనుకుంటారు, రాత్రి వెళ్తే కథ అనుకుంటారు. కిటికీలకి టార్పాలిన్లు కట్టి, లైట్లు ఆర్పాకే లోపలికి రావాలి. లైట్లు వెయ్యకముందే వెళ్లిపోవాలి.

ఇవి కాక అసలు నియమం ఒక్కటే. ఇక్కడ తెలుగువాళ్లు ఇద్దరు కలిస్తే పేరు తర్వాత వచ్చే ప్రశ్న "మీరు ఎవరింటోళ్లు?" దానికి జవాబు చెప్పారా, టీ తాగేలోపు మీరు ఒకరికి బావ, ఇంకొకరికి చిన్నాన్న అయిపోతారు. సాయంత్రానికి మీ ఇంట్లో తెలిసిపోతుంది. అందుకని మా షెడ్డులో ఆ ప్రశ్న నిషేధం. పేరడగొచ్చు, ఫోన్ నంబరు అడగొచ్చు, దీదీ చూడనప్పుడు ముద్దు కూడా అడగొచ్చు. ఎవరింటోళ్లని మాత్రం అడగకూడదు.

ఆ రోజు వేసింది మా అందరికీ ప్రాణమైన నలుపు తెలుపు జానపదం. బయట జనం ఎప్పుడో మర్చిపోయారు. అందులో ఒక యువరాణి తలపాగా చుట్టి మగవేషంలో యుద్ధానికి వెళ్తుంది. పక్క రాజ్యం యువరాణి ఆమెని ప్రేమిస్తుంది. కోటగోడ దగ్గర తలపాగా తీసి నిజం చెప్పే ఘట్టం వస్తుంది. సరిగ్గా అక్కడే మా కాపీలో శబ్దం పోతుంది. పెదాలు కదులుతాయి, మాటలు ఉండవు. శబ్దం తిరిగొచ్చేసరికి ఇద్దరికీ చెరో యువరాజుతో పెళ్లి జరిగిపోతుంటుంది.

ఆ మూగ ఘట్టానికి డైలాగులు మేమే చెప్పుకునేవాళ్లం. అదే మా ఆచారం. మొదటి యువరాణి రోజీ దీదీ, రెండో యువరాణి నేను. "నీ మీసం మార్కెట్లో కొన్నదని నాకు మొన్ననే డౌటొచ్చింది" లాంటివి నావి. జనం పడీపడీ నవ్వేవారు.

ఆ రోజు శబ్దం పోయింది. వాన రేకుల మీద దంచుతోంది. దీదీ గొంతు సవరించుకుంది. అంతలో తెర వెనక నుంచి ఒక గొంతు వచ్చింది.

"తొలగినది తలపాగా మాత్రమే, రాకుమారీ. నీకిచ్చిన మాట కాదు."

ముసలి గొంతు. మగ గొంతు. కానీ తెర మీద యువరాణి పెదాలకి అతికినట్టు సరిపోయింది. జనం నవ్వబోయి ఆగిపోయారు. తెర మీద రెండో యువరాణి పెదాలు కదిలాయి. దానికి గొంతు రాలేదు. ఆ ఖాళీ నాది.

"అరే, ఏ క్యా నాటక్ హై? నువ్వే పెట్టావా ఎవుడినైనా?" అని దీదీ నా చెవిలో అడిగింది.

"నేను జోకులేస్తాను దీదీ, మనుషుల్ని సప్లై చెయ్యను."

"జా, దేఖ్ కే ఆ. పోలీసోడైతే నాకు ముందు చెప్పు. లిప్‌స్టిక్ సరిచేసుకోవాలి."

వెళ్లాను. ధైర్యంతో కాదు. మా నాన్న స్నేహితుడెవరైనా అయితే నేను అక్కడున్నట్టు తెలిసిపోయిందా లేదా అని చూసుకోవడానికి.

తెర వెనక నుంచి సినిమా బొమ్మ కుడి ఎడమలు తిరగబడి ఉంది. బోర్లించిన డింగీ పడవ మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. లుంగీ, బనియను. అంచుల నుంచి నీళ్లు కారుతున్నాయి. పైన రేకులు కూడా కారుతున్నాయి కాబట్టి ఆ తడిని నేను సాక్ష్యం కింద లెక్కెయ్యను. తెర వెలుగు డింగీ మీద పడుతోంది, ఆయన చేతుల మీద పడుతోంది, నా చొక్కా మీద పడుతోంది. ఆయన మొహం మీద మాత్రం పడటం లేదు. అక్కడ మొహం ఉందని తెలుస్తోంది, అంతే.

తల తిప్పకుండా అడిగాడు. "ఎవులింటి గుంటడివిరా?"

అబద్ధం చెప్పొచ్చు. జీవితమంతా నాకు వచ్చిన విద్య అదొక్కటే. కానీ నోరు నా మాట వినలేదు. ఇంటిపేరు, తాత పేరు, నాయనమ్మ పేరు, అడగనివి కూడా చెప్పేశాను. ఈయన దయ్యమైతే బాగుండునని మొక్కుకున్నాను.

ఆయన కాస్త పక్కకి జరిగి, డింగీ మీద చోటు చేశాడు.

"కూకో. ఇటేపు నుంచీ బాగానే అగుపడతాది."

ఠప్‌మని శబ్దమై అంతా చీకటైపోయింది. ఎవరో అరిచారు. నేనే అయ్యుంటాను. ఫోన్ లైటు వేసేసరికి డింగీ మీద ఎవరూ లేరు. వెనక ఒక రేకు అడుగున ఊడి ఉంది. కుక్క దూరగలదు. మనిషి కూడా దూరగలడేమో, నేను ప్రయత్నించలేదు.

దీదీ ఈ రోజుకీ అది నా నాటకమే అంటుంది. "క్యా యాక్టింగ్ హై రే! నీ కేక మాత్రం కొంచెం ఓవరైంది."

తర్వాత రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. ఇంట్లో ఫోన్ మోగితే ముందు నేనే ఎత్తేవాణ్ణి. నాన్న జెట్టీ నుంచి త్వరగా వస్తే చెప్పులు వేసుకుని నిలబడేవాణ్ణి. ఎవరూ ఏమీ అనలేదు.

ఒక రోజు నాయనమ్మ చేపలు కడుగుతుంటే పక్కన కూర్చుని, ఏమీ ఎరగనట్టు, ఆ డైలాగు చెప్పాను. నాయనమ్మ తల కూడా ఎత్తలేదు.

"అటులైన ఆ పాగా నాకిమ్ము. రేపటి యుద్ధమునకు ఇద్దరము పోదము," అంది, చేప పొలుసు గీకుతూ.

నా చేతిలో గ్లాసు జారింది. స్టీలుది, పగల్లేదు.

"నీకెలా తెలుసే?"

"ఆ దినాల్లో సినిమా బొమ్మ ఓడ మీద వచ్చీది. మళ్లీ ఓడొచ్చీదాకా అదే బొమ్మ, దుప్పటి కట్టీసి ఏసీవోరు. మాటలన్నీ నోటికొచ్చీసినాయి."

"దుప్పటి వెనక ఎవరైనా కూర్చునేవారా?"

చెయ్యి ఆగింది. "ఇద్దురు. ఒకే వలకాడ పనిచేసీవోరు. జనమంతా ముందుంటే ఆల్లిద్దురూ ఎనక్కెల్లి కూకునీవోరు. ఎందుకని ఎవులూ అడగనేదు. ఒకడికి పెళ్లి కుదిర్సీసి ఓడెక్కించీసినారు. రెండోవోడు ఒక్కడే వచ్చి కూకునీవోడు, పక్కన సోటొగ్గీసి."

"ఆయనేమయ్యాడు?"

"గాలికి దొరికిపోనాడు. పడవొచ్చింది, మనిసి రానేదు." చేప పక్కన పెట్టి నా వైపు తిరిగింది. "ఎందుకురా అడుగుతున్నావు?"

"ఊరికే."

"ఊరికే అడిగీ గుంటడివి కాదు నువ్వు," అని మళ్లీ చేప అందుకుంది.

మర్నాడు ఫ్రిజ్ మీద వినాయకుడు ఒక్కడే ఉన్నాడు. ఫోటో ఎవరు తీశారని నేను అడగలేదు. నాన్న అడిగితే, "జాతకాలు కుదరనేదు," అంది నాయనమ్మ. జాతకాలు మేమెవరమూ చూపించలేదు. మా ఇంట్లో కూడా ఒక ప్రశ్న నిషేధమైందన్నమాట.

దయ్యాలంటే నాకు ఇప్పటికీ నమ్మకం లేదు. వానకి తలదాచుకున్న ముసలాయన అయ్యుండొచ్చు. ఆ సినిమా చిన్నప్పుడు ఆయనా చూసి ఉండొచ్చు. మొహం కనపడకపోవడానికి నా కళ్లద్దాల మీద తడి కారణం కావచ్చు. అన్నిటికీ జవాబు దొరికింది, ఒక్కదానికి తప్ప. ఒక తెలుగు మనిషి, ఈ దీవుల్లో, నేను ఎవరింటివాణ్ణో పూర్తిగా తెలుసుకుని, నేను ఎక్కడున్నానో కళ్లారా చూసి, ఎవరికీ చెప్పలేదు. బతికున్నవాళ్లలో అలాంటివాణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు.

రెండో యువరాణి డైలాగు ఇప్పుడు నాకు నోటికి వచ్చు. ఈసారి శబ్దం పోయినప్పుడు జోకు వెయ్యను, తెర వెనక్కి వెళ్లి అదే చెబుతాను. తర్వాత డింగీ మీద కూర్చుంటాను.

కాకపోతే ఆ ఠప్‌మన్నది ప్రొజెక్టర్ బల్బు. ఆ మోడల్ ఇక్కడ దొరకదు, చెన్నై నుంచి ఓడలో రావాలి. ఓడ ఇంకా బయల్దేరలేదట.