ఏ నీళ్లు తాగిన్రు

తెలంగాణ వచ్చిన కొత్తలో, రామన్నపేట గ్రంథాలయంలో ఆదివారాలు మేం కొందరం చేరి, చదివిన నవలల గురించి మాట్లాడుకునేవాళ్లం. గొర్లు కాసిన పెద్దాయన ఒకాయన వచ్చేవాడు. ఫ్లోరైడ్ నీళ్లకు నడుము వంగిపోయి, మందను అమ్మేశాక చదువు పట్టుకున్న మనిషి. ఎవరు ఏ నవల గురించి చెప్పినా అంతా విని ఒకటే అడిగేవాడు: "వాళ్లు ఏ నీళ్లు తాగిన్రు సారూ?"

మాకు నవ్వొచ్చేది.

ఒకసారి నాకిష్టమైన పల్లెటూరి నవల ఇచ్చాను. వారానికి తెచ్చిచ్చాడు. మెడ తిరగదు కనుక ఒళ్లంతా నా వైపు తిప్పి అన్నాడు: "మంచిగనే రాసిండు. గని మూడు తరాలు ఒక్క బాయి నీళ్లే తాగిన్రు. ఒక్కల నడుమన్న వంగలే."

"కథకు అది ముఖ్యం కాదు" అన్నాను విసుగ్గా. ఆయన మళ్లీ మా దగ్గరికి రాలేదు.

పోయిన ఎండాకాలం ఆయన చనిపోయాడని తెలిసి వెళ్లాను. పాడె మీద వెల్లకిలా పండవెడితే నడుము వంపుకు కాళ్లు పైకే లేచాయి. నలుగురూ వాటిని వత్తి వత్తి చూస్తుంటే కొడుకే వద్దన్నాడు. "బాపును గట్లనే ఉండనియ్యుండ్రి." పక్కకు తిప్పి కట్టారు.

ఎండకు నా నోరు పిడచకట్టుకుపోయింది. కోడలు చెంబుతో నీళ్లు తెచ్చింది. అడగకూడదని తెలిసీ అడిగాను.

"ఏ నీళ్లమ్మా?"

"మా మామ తాగినయే సారూ."