మన్యంలో బేస్‌బాల్ మాస్టారు

అబద్ధాలాడి చాలాసార్లు గట్టెక్కాను. నిజం చెప్పి నిండా మునిగింది మాత్రం ఒక్కసారే. అదీ పిల్లల దగ్గర, అదీ బేస్‌బాల్ అనే ఆట పుణ్యమా అని. ఆ ఘనకార్యం చెబుతాను, మీరు హాయిగా నవ్వుకోండి. నాకు నవ్వు రావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

పంతొమ్మిది వందల ఇరవైల నాటి మాట. నాకు ఇరవై రెండేళ్ళు. విజయనగరంలో ట్రైనింగు పూర్తి చేసి, అనంతగిరి దాటాక కొండ మీదున్న చిన్న ఊరి బడికి మాస్టారుగా వెళ్ళాను. నెల తిరక్కుండా చలిజ్వరం పట్టుకుంది. అక్కడి తిండి చోడి అంబలి, అంటే రాగి జావ, గొంతు దిగేది కాదు. పొగమంచు పిల్లల కంటే ముందే బడిలోకి వచ్చి కూర్చునేది. నన్ను కిందికి దింపమని ఇన్‌స్పెక్టరు గారికి నెలకో అర్జీ రాసేవాణ్ణి.

ఒకనాడు ఆయన గుర్రమెక్కి స్వయంగా వచ్చి ఒక కర్ర, ఒక బంతి, ఒక ఇంగ్లీషు పుస్తకం నా చేతిలో పెట్టారు. కొండ దిగువ మిషను బడిలో అమెరికా పాదిరీగారు పిల్లలకి ఈ ఆట నేర్పుతున్నారట. కోతలయ్యాక వాళ్ళకీ మా పిల్లలకీ పోటీ. "నీ పిల్లలు గెలిస్తే నిన్ను విజయనగరం వేయిస్తాను. ఆట వచ్చు కదా?" అన్నారు. ఆ ఆట పేరు వినడం అదే మొదలు. "వచ్చండి" అన్నాను.

పుస్తకం చదివితే తెలిసింది. ఒకరు బంతి విసరాలి, ఒకరు కర్రతో కొట్టి నాలుగు మూలలూ చుట్టి రావాలి. మూడుసార్లు కర్రకి తగలకపోతే అవుటు. ఇంతోటి దానికి ఏముంది, నన్ను మా మాస్టార్లు ఎలా తయారుచేశారో అలాగే తయారుచేద్దామని బెత్తం తీశాను. పుస్తకం బొమ్మలో దొర మోచెయ్యి ఎలా ఉందో పిల్లల మోచెయ్యి అలాగే ఉండాలని దారం పెట్టి కొలిచాను. చేలో కావలి కాస్తూ వడిసెల రాయితో ఎగిరే చిలకని పడగొట్టే పిల్లలు, నా చేతిలో పడ్డాక గడ్డివామిని కూడా కొట్టలేని స్థితికి వచ్చారు.

వాళ్ళలో బుద్రి అని పన్నెండేళ్ళ ఆడగుంట ఉండేది. గురిలో ఆ ఊరి మగవాళ్ళే దానికి దారి ఇచ్చేవారు. కొండ మీద "మీరు" అనే మాటే లేదు కాబట్టి అది నాతో తిన్నగా చెప్పింది. "మాస్టారూ, నువ్వు సూడకు. అటు తిరిగి కూకో. మేం కొడతాం."

అవమానం దిగమింగి అటు తిరిగాను. వెనక ఠప్పుమని చప్పుడు. బంతి లోయలో ఉంది. కొట్టినవాడు నాలుగు మూలలూ వదిలేసి బంతి వెంటే లోయలోకి దిగుతున్నాడు. వేటలో ఎవడు కొడితే వాడే తెచ్చుకోవాలట. ఈ ఒక్క అలవాటు మాన్పించడానికి వారం పట్టింది. మిగతాదంతా నేను అటు తిరిగి కూర్చున్న కొద్దీ దానంతటదే వచ్చేసింది.

అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? పుస్తకం చివర, ఆట నేర్పేవాడు తన మనసులోని మాట పిల్లలకి విప్పి చెప్పాలని, అప్పుడే వాళ్ళు ప్రాణం పెట్టి ఆడతారని ఉంది. పోటీకి ముందురోజు అందరినీ కూర్చోబెట్టి విప్పేశాను. విజయనగరంలో ఉన్న మా అమ్మ సంగతి, జ్వరం సంగతి, వేడివేడి ఇడ్లీ సంగతి, గెలిస్తే రాబోయే బదిలీ సంగతి. చెబుతుంటే నాకే కన్నీళ్ళొచ్చాయి. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పుస్తకం ఎంత గొప్పదో అనుకున్నాను.

బుద్రి ఒక్కటే అడిగింది. "దిగిపోతే మళ్ళీ రావా?"

"ఎందుకొస్తాను?" అన్నాను హుషారుగా.

మర్నాడు పోటీలో మావాళ్ళు ఒక్క బంతిని ముట్టుకుంటే ఒట్టు. వచ్చిన ప్రతి బంతికీ సరిగ్గా బెత్తెడు ఎడంగా కర్ర తిప్పారు. బుద్రి విసిరిన ప్రతి బంతీ ఒకే ఎత్తున, ఒకే వంపున, అందరి నెత్తి మీంచీ పోయింది. అంత కచ్చితంగా గురి తప్పడం ఎవరివల్లా కాదు. విజయనగరం నా కళ్ళెదుటే దూరమైపోతుంటే బుద్రిని పక్కకి లాక్కెళ్ళాను. కోపంలో నా యాస కూడా బయటికొచ్చింది.

"ఏటే బుద్రీ, ఏటి సేత్తన్నారు మీరంతా?"

అది నేలకేసి చూస్తూ చెప్పింది. "గెల్తే నువ్వెల్లిపోతావు గదా. మళ్ళీ రానన్నావు."

మా అమ్మ తప్ప నన్ను వెళ్ళొద్దన్నవాళ్ళు అంతవరకూ ఎవరూ లేరు. ఇన్‌స్పెక్టరు గారు నా భుజం తట్టి, పిల్లలకి బొత్తిగా గురి లేదని, ఇంకో నాలుగేళ్ళు అక్కడే ఉండి నేర్పమని ఆజ్ఞాపించారు. ఓడిన జట్టు పాడుకుంటూ కొండెక్కింది. మధ్యలో నేను, వేటలో దొరికిన దుప్పిలా.

ఆ రోజే బడి గుమ్మంలో నిలబడి గట్టిగా ఒట్టు పెట్టుకున్నాను, ఇంకెప్పుడూ నా బదిలీ సంగతి పిల్లల దగ్గర ఎత్తనని. ఆ ఒట్టు ఈనాటి వరకూ తప్పలేదు. తర్వాత విజయనగరం బదిలీ కాగితం రెండుసార్లు నిజంగానే వచ్చింది. పిల్లలకి చెప్పలేదు. వెళ్ళనూ లేదు.