ముప్ఫై నాలుగేళ్ల డ్రైవరు, వెనక్కి రాని కారవాన్

డెస్మండ్ ట్రెగియర్ మెల్బోర్న్‌లో ముప్ఫై నాలుగేళ్లు ట్రామ్ నడిపాడు. పట్టాల మీద పోయే ట్రాముకు స్టీరింగ్ ఉండదు. వెనక్కి పోవాలంటే డ్రైవరు లేచి రెండో కొసకు నడిచి అక్కడి సీట్లో కూర్చుంటాడు, అంతే. ఈ ముక్కలు మింగేసి, "ముప్ఫై నాలుగేళ్లు బండి నడిపా, ఒక్క గీత పడనివ్వలా" అన్న ముక్క మాత్రం అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ వడ్డించేవాడు.

రిటైరైన వారానికే కారు వెనక తగిలించే చక్రాల ఇల్లు, కారవాన్ కొన్నాడు. భార్య గ్లెనిస్‌తో దేశానికి ఆ చివరనున్న పెర్త్‌కు బయల్దేరాడు. దిగిన ప్రతి మజిలీలోనూ, బండి వెనక్కి పెట్టే పనిలేకుండా ఇటు దూరి అటు పోయే స్థలమే కావాలన్నాడు. ఎందుకంటే ఒకచోట ఎండ మొహాన కొడుతుందన్నాడు, ఇంకోచోట గాలివాటం అన్నాడు. గ్లెనిస్ ఎదురు చెప్పలేదు. ఆమె గోధుమ రైతు కూతురు. పన్నెండో ఏటే ధాన్యం ట్రెయిలర్‌ను వెనక్కి నడిపి కొట్టంలో పెట్టిన మనిషి. పెళ్లయిన కొత్తలో ఆ సంగతి చెప్పింది. ఆయన వినలేదు.

తొమ్మిదో రోజు నల్లార్‌బర్ మైదానం. చెట్టు లేదు, మలుపు లేదు. ట్రామ్‌లో ఉన్నంత హాయిగా నడిపాడు. సాయంత్రం చేరిన మజిలీలో మాత్రం ఒక్క స్థలమే మిగిలింది, రెండు కారవాన్ల నడుమ. వెనక్కి దూర్చాల్సిందే. తర్వాతి మజిలీ రెండు వందల కిలోమీటర్ల దూరం. పొద్దు వాలాక ఆ దారి కంగారూలది.

అప్పటికే మడత కుర్చీలు ఇటు తిరిగాయి. కొత్తగా వచ్చినవాడు బండి వెనక్కి పెట్టడం కంటే ఆ మైదానంలో వేరే వినోదం లేదు. ముందు వరసలో బీరు పట్టుకుని కూర్చున్నది, మధ్యాహ్నం పెట్రోలు బంకులో ఆ ముప్ఫై నాలుగేళ్ల గొప్పలూ ఓపిగ్గా విన్న ఎర్రటోపీ ఆసామే.

"తొందరేం లేదు గురూ! మేం శుక్రవారం దాకా ఇక్కడే."

డెస్మండ్ స్టీరింగ్ ఇటు తిప్పితే కారవాన్ అటు పోయింది. మొదటిసారి బట్టల తీగ మీదికి, రెండోసారి ఒకావిడ సాసేజీలు కాల్చుకుంటున్న పొయ్యి మీదికి. ఆవిడ పళ్లెం ఎత్తుకుని లేచింది.

"ఎడమకి డెస్! నీ ఎడమ కాదు, దాని ఎడమ!" వెనక నుంచి గ్లెనిస్ కేక.

"దానికి ఎడమేంటే!"

అయిదోసారికి కారూ కారవానూ మోచేయిలా మడతపడ్డాయి. తలప్రాణం తోకకొచ్చింది. "స్టీరింగే వదులుగా ఉంది," అన్నాడు.

"ఇంతకీ అన్నేళ్లు ఏం బండి నడిపావ్ గురూ?" ఎర్రటోపీ అడిగాడు.

కుర్చీలన్నీ చెవులు రిక్కించాయి. డెస్మండ్ వెనకద్దం సరిచేసుకోసాగాడు.

గ్లెనిస్ కిటికీ దగ్గరికొచ్చి అందరికీ వినబడేలా అంది: "నాకు వెనక నించుని చెప్పడం చేతకావట్లా. అది అనుభవం ఉన్నోళ్ల పని. నువ్వు దిగు, నేను తిప్పుతా."

ఆయన వరమిచ్చినట్టు దిగాడు. వెనక్కెళ్లి బ్యాండుమేళం పెద్దలా చేతులూపాడు. ఆయన కుడి అన్నప్పుడు గ్లెనిస్ ఎడమకు తిప్పింది. ఆయన ఆగమన్నప్పుడు ఆగలేదు. ఒక్క ఊపులో కారవాన్ ఒరలో కత్తిలా దిగింది.

చప్పట్లు మోగాయి. ఎర్రటోపీ బీరు తెచ్చి డెస్మండ్ చేతిలో పెట్టాడు. "అంతా వెనక నించుని చెప్పేవాడిలోనే ఉంది గురూ!"

"అలవాటు," అన్నాడు డెస్మండ్ వినయంగా. గ్లెనిస్ టీకి నీళ్లు పెట్టింది.

బీరు సగమైనా కాకముందే ఇంకో కారవాన్ వచ్చింది. పక్కవాళ్లు కుర్చీలు జరిపి చోటు చేశారు. "పిలవండయ్యా మన అనుభవస్తుణ్ణి!" అన్నాడు ఎర్రటోపీ.

డెస్మండ్ లేచాడు. రెండడుగులు వేసి, వెనక్కొచ్చి గుసగుసగా అన్నాడు:

"నువ్వూ రావే. ఎందుకైనా మంచిది."

గ్లెనిస్ పొయ్యి ఆపింది.